ఏడీహెచ్‌డీ ఉన్నవారి తిండి, చిరుతిండి: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల తల్లిదండ్రులూ, పెద్దయ్యాక తమకు ఆ స్థితి ఉందని తెలుసుకున్నవారూ తిండి గురించి మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు రాశాను. నేను వైద్యురాలిని కాను. కావలిలో ఉంటూ, పదకొండో ఏట ఈ నిర్ధారణ అయిన కొడుకును ఇంటర్మీడియట్ దాకా పెంచిన తల్లిని. మందుల విషయంలో మీ వైద్యుల మాటే ప్రమాణం. వంటింటి విషయంలో మాత్రం నేను నేర్చుకున్నది మీకు ఉపయోగపడుతుందని నమ్ముతున్నాను.

ఏడీహెచ్‌డీ అంటే కుదురు లేకపోవడం, ధ్యాస నిలవకపోవడం కదా? దానికీ తిండికీ ఏమిటి సంబంధం?

ఏడీహెచ్‌డీ మెదడు ఎదుగుదలకు సంబంధించిన స్థితి. ధ్యాసను ఒకచోట నిలపడం, పుట్టిన తొందరను కాసేపు ఆపుకోవడం, ఎంత సేపు గడిచిందో లోలోపల లెక్క వేసుకోవడం, ఒక పనికి కావలసినవన్నీ ముందుగా సిద్ధం చేసుకోవడం వీరికి కష్టమవుతుంది. వేళకు భోజనం చెయ్యాలంటే ఇవన్నీ కావాలి. కూరగాయలు ముందు రోజే తెచ్చిపెట్టుకోవాలి, ఆకలి ముదరక ముందే పొయ్యి వెలిగించాలి, తింటున్నంతసేపూ మనసు కంచంలో ఉండాలి, చాలనిపించగానే లేచి చెయ్యి కడుక్కోవాలి. దీనికి తోడు, ఉత్సాహానికీ తృప్తికీ సంబంధించిన డోపమైన్ అనే రసాయనం వీరి మెదడులో కొంత భిన్నంగా పని చేస్తుందని వైద్యులు వివరిస్తారు. తీపీ, కారమూ, నూనెలో వేగిన కరకరలూ అప్పటికప్పుడు హుషారునిస్తాయి కాబట్టి, విసుగు పుట్టినప్పుడల్లా చెయ్యి డబ్బా వైపు పోతుంది. ఊబకాయమూ, అదుపు తప్పి అతిగా తినే రుగ్మతా ఈ స్థితి ఉన్నవారిలో ఎక్కువగా కనిపిస్తాయని అనేక పరిశోధనలు తేల్చాయి. అలాగని అందరూ లావవుతారని కాదు. తినడం మరచిపోయి చిక్కిపోయేవారూ వీరిలో ఉన్నారు; పగలంతా మరచి రాత్రి గిన్నెలు ఊడ్చేవారూ ఉన్నారు.

ఇదంతా నోరు కట్టుకోలేకపోవడమే కదా? గట్టిగా అనుకుంటే మానలేరా?

మానలేరు. ఈ మాట రాయడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది, ఎందుకంటే మొదట్లో నేనూ మా వాడిని "నోరు కట్టుకో" అనే గదిమాను. గట్టిగా అనుకున్నది తినబోయే ఆ ఒక్క క్షణంలో గుర్తుకు రావాలి. ఏడీహెచ్‌డీలో సరిగ్గా ఆ క్షణమే చేజారిపోతుంది. చెయ్యి వెళ్ళిపోయిన తరువాత తలపు వస్తుంది. కాబట్టి అప్పటికప్పుడు నిగ్రహించుకోమని చెప్పడం కన్నా, కడుపు నిండి మనసు నిమ్మళంగా ఉన్న వేళలోనే వంటింటినీ, భోజనపు వేళలనూ, డబ్బాలు పెట్టే చోట్లనూ అమర్చిపెట్టుకోవడం మేలు. సిగ్గుపరిస్తే తినడం ఆగదు, చాటుగా తినడం మొదలవుతుంది. మా ఇంట్లో పరుపు కింద బిస్కెట్ కాగితాలు దొరికిన రోజున నేను చేసిన తప్పేమిటో నాకు అర్థమైంది.

ఆకలి వేస్తే తెలియదంటే నమ్మేదెలా?

ఒంటి లోపలి నుంచి వచ్చే సూచనలను, అంటే ఆకలి, దాహం, కడుపు నిండటం, అలసట వంటి వాటిని పసిగట్టడం ఏడీహెచ్‌డీ ఉన్న కొందరికి కష్టమవుతుంది. ఇష్టమైన పనిలో మునిగినవారికి మధ్యాహ్నం రెండు దాటినా ఆకలి తెలియదు. తెలిసేసరికి చేతులు వణుకుతూ, చిరాకు తలకెక్కి, ఎదురుగా ఏది కనబడితే అది తినే స్థితికి వస్తారు. పొద్దున తినకపోవడమే రాత్రి అతిగా తినడానికి కారణమవుతున్నప్పుడు, రాత్రి తిండి మీద ఆంక్షలు పెట్టి లాభం లేదు. మా ప్రాంతపు ఎండల్లో దాహాన్ని ఆకలిగా పొరబడటం కూడా ఉంటుంది కాబట్టి, వేసవిలో ముందు ఒక గ్లాసు మజ్జిగో నిమ్మరసమో తాగి, పది నిమిషాలు ఆగి చూడమని మా వాడికి నేర్పాను.

ఆకలి కోసం ఎదురుచూడకుండా వేళను బట్టి తినడమే దీనికి ఉపాయం. గడియారం ఒక్కటే చాలదు, ఎందుకంటే మోగిన అలారాన్ని ఆపేసి మరచిపోవడం వీరికి మామూలు. రోజూ తప్పక జరిగే మరో పనికి భోజనాన్ని ముడివేయాలి: స్నానం అయిన వెంటనే టిఫిన్, బడి నుంచి వచ్చి సంచి దించగానే అన్నం. మేము మార్కాపురం పలక ఒకటి వంటింటి గోడకు తగిలించి, ఆ రోజు తినవలసిన నాలుగు వేళలూ బలపంతో రాసి, తినగానే వాడి చేతనే చెరిపించేవాళ్ళం. చెరపడంలో ఉన్న సరదా కోసమే మొదటి నెలంతా తిన్నాడు. తరువాత అది అలవాటైంది.

మందు మొదలుపెట్టాక మధ్యాహ్నం క్యారియర్ పెట్టింది పెట్టినట్టే తిరిగి వస్తోంది. ఏం చెయ్యాలి?

తల్లులు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ ఆకలిని తగ్గిస్తుంది. అది చాలామందిలో కనిపించే దుష్ఫలితం. తక్కువ సేపు పని చేసే రకం 3 నుంచి 4 గంటలు ఉంటుంది, ఎక్కువ సేపు పని చేసేవి రకాన్ని బట్టి 8 నుంచి 12 గంటల దాకా ఉంటాయి. పొద్దున వేసుకున్న మందు మధ్యాహ్న భోజనం గంటకు పూర్తి ప్రభావంలో ఉంటే ఆ పిల్లవాడికి నిజంగానే అన్నం సయించదు. అప్పుడు బెదిరించి తినిపిస్తే అన్నమంటేనే వెగటు పుడుతుంది.

మందు వేసుకునే ముందరి టిఫిన్‌ను రోజులోకెల్లా ముఖ్యమైన భోజనంగా చూడండి. రెండు ఇడ్లీలు హడావిడిగా మింగించి పంపితే అది సాయంత్రం దాకా ఆగదు. గుడ్డు వేసిన దోసె, పెసరట్టు, దండిగా వేరుశనగ చట్నీ, పప్పు కలిపిన అన్నం, వీటిలో ఏది తిన్నా మాంసకృత్తులు అందుతాయి. మా అత్తగారి కాలంలో పొద్దున్నే పెరుగు కలిపిన సద్దన్నం తిని బడికి వెళ్ళేవారు; మా వాడికి నచ్చిన రోజుల్లో నేనూ అదే పెట్టాను, పక్కన ఉడికిన గుడ్డుతో. మధ్యాహ్నానికి నిండు క్యారియర్ బదులు నాలుగు ముద్దల పెరుగన్నమో, ఒక అరటిపండో, చిన్న వేరుశనగ ఉండో చాలు. ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనంతో పాటు గుడ్డు, చిక్కీ, రాగిజావ ఇస్తున్నారు కాబట్టి, అన్నం వద్దన్న రోజున కనీసం గుడ్డూ జావా తీసుకునేలా చూడమని టీచరుగారితో ఒక మాట చెప్పి ఉంచండి.

మందు ప్రభావం దిగిపోయే సాయంత్రం వేళ, అణగి ఉన్న ఆకలంతా ఒక్కసారిగా లేస్తుంది. సరిగ్గా అదే వేళకు వీధి మొదట్లో బజ్జీల బండి దగ్గర మూకుడులో నూనె కాగుతుంది. పిల్లవాడు బడి నుంచి నడిచి వచ్చే దారిలో ఆ వాసన ఉంటే, ఇంట్లో ఎంత మంచి వంట ఉన్నా అది ఓడిపోతుంది. మేము రాత్రి ఎనిమిదింటి భోజనాన్ని సాయంత్రం అయిదింటికి జరిపాము. అన్నం, పప్పు, కూర, గుడ్డో చేపో, పూర్తి భోజనం. రాత్రి తొమ్మిదికి మళ్ళీ తేలికగా ఒక దోసో, పాలో. "అయిదింటికి అన్నమేమిటి, సంధ్యవేళ" అని ఇంట్లో పెద్దవాళ్ళు నొచ్చుకున్నారు. నెలన్నర తరువాత వాడి బరువు నిలకడకు వచ్చాక వారే కంచం వేయడం మొదలుపెట్టారు. బజ్జీలను నిషేధించలేదు, శనివారం, భోజనం అయిన తరువాత, రెండు.

మీ అంతట మీరు మందు ఆపడం, సగం చేయడం, సెలవు రోజుల్లో మానిపించడం చెయ్యకండి. ఆకలి మరీ చచ్చిపోతే మోతాదునో, వేళనో, రకాన్నో వైద్యులు మారుస్తారు. ఎటామాక్సెటిన్ అనే మరో మందు కూడా ఆకలిని తగ్గించవచ్చు, కొందరిలో వికారం కలిగిస్తుంది. భోజనంతో పాటు వేసుకుంటే ఆ వికారం తగ్గుతుంది. మందు వాడుతున్న పిల్లల ఎత్తూ బరువూ కనీసం ఆరు నెలలకొకసారి కొలిపించి, ఆ కాగితాలన్నీ ఒకే దస్త్రంలో దాచండి.

ఇంట్లో చిరుతిళ్ళు ఎక్కడ పెట్టాలి? అసలు కొనడమే మానెయ్యాలా?

ఏడీహెచ్‌డీ ఉన్నవారికి కంటికి కనబడనిది ఇంట్లో లేనట్టే. ఫ్రిజ్ అడుగు అరలో పెట్టిన కూరగాయలు కుళ్ళిపోయేదీ, ఎదురుగా ఉన్న మిక్చరు పొట్లం అరగంటలో అయిపోయేదీ ఇందుకే. ఈ లక్షణాన్నే మనకు అనుకూలంగా వాడుకోవచ్చు. మన ఇళ్ళలో సాధారణంగా పప్పులు స్టీలు డబ్బాల్లో, జంతికలూ చెక్కలూ గాజు సీసాల్లో ఉంటాయి, దాన్ని తిరగెయ్యండి. వేయించిన శనగలు, వేరుశనగ పప్పులు, ఖర్జూరాలు, కోసిపెట్టిన జామ ముక్కలు గాజు సీసాల్లో, చేతికందే ఎత్తులో, ఫ్రిజ్‌లో అయితే కంటికి ఎదురుగా ఉండే అరలో పెట్టాలి. జంతికలు స్టీలు డబ్బాలో వేసి అటక మీదికి పంపాలి. నిచ్చెన వేసుకుని ఎక్కి దించుకోవాలంటే పట్టే ఆ రెండు నిమిషాల్లోనే చాలాసార్లు తొందర చల్లారుతుంది.

పొట్లంలో నుంచి నేరుగా తినే అలవాటును మాత్రం ఇంటిల్లిపాదీ మానాలి. చిన్న గిన్నెలో వేసుకుని, డబ్బా మూత పెట్టి, యథాస్థానంలో పెట్టి వచ్చి కూర్చుని తినడం నియమం చేసుకోండి. గిన్నె ఖాళీ అయినప్పుడు చెయ్యికి ఆ సంగతి తెలుస్తుంది. పొట్లం అడుగు ఎప్పుడు వచ్చిందో తెలియదు. టీవీ ముందు, ఫోన్ చూస్తూ తింటే ధ్యాస అంతా తెర మీదికి పోయి, తిన్నది లెక్కకు రాదు.

అయితే ఏ చిరుతిళ్ళు మంచివి?

మంచివీ చెడ్డవీ అని విడదీయడం కన్నా, ఆ నోరు ఏమి కోరుకుంటున్నదో గమనించడం ముఖ్యమని నా అభిప్రాయం. చాలాసార్లు వారికి కావలసింది తిండి కాదు, నమలడం. చదువుకు కూర్చున్నప్పుడు కరకరలాడేది ఏదో నోట్లో ఉంటే ధ్యాస నిలుస్తుందని మా వాడు చెప్పేవాడు. ప్రకాశం జిల్లాలో శనగ బాగా పండుతుంది. వేయించిన శనగలు ఒక గుప్పెడు తీసుకుంటే కరకరా ఉంటుంది, కడుపూ నిలుస్తుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపిన బొరుగులు, ఉప్పూ కారం అద్దిన జామకాయ, కీర దోసకాయ ముక్కలు, తాలింపు పెట్టిన గుగ్గిళ్ళు అన్నీ ఇదే కోవలోకి వస్తాయి. బొరుగులు ఒక్కటే తింటే గంటలో మళ్ళీ ఆకలేస్తుంది కాబట్టి వాటిలో వేరుశనగ పప్పులు కలపండి. చేసుకోవడానికి పది నిమిషాలు మించి పట్టేది ఏదైనా ఏడీహెచ్‌డీ ఉన్నవారు రోజూ చేసుకోలేరు. ఆదివారం ఒక్కసారి వేయించి సీసాలకెత్తితే వారమంతా గడుస్తుంది.

తీపి తింటే అల్లరి పెరుగుతుందంటారు. నిజమేనా?

చక్కెర ఏడీహెచ్‌డీని కలిగించదు. పిల్లల మీద చేసిన 23 ప్రయోగాలను కలిపి పరిశీలించిన 1995 నాటి సమీక్షలో, చక్కెర వల్ల పిల్లల ప్రవర్తనలో గానీ ఆలోచనలో గానీ మార్పు కనబడలేదు. అంతకు ఒక ఏడాది ముందు చేసిన మరో ప్రయోగంలో, చక్కెర లేని పానీయమే ఇచ్చి, తల్లులతో మాత్రం చక్కెర ఇచ్చామని చెబితే, ఆ తల్లులు తమ పిల్లలు ఎక్కువ అల్లరి చేస్తున్నారని చెప్పారు. పెళ్ళిలోనో, పుట్టినరోజు వేడుకలోనో తీపి తిని పిల్లలు గంతులేస్తే, అందులో జనసందోహానికీ నిద్ర చెడటానికీ ఎంతో పాత్ర ఉంటుంది. పళ్ళకూ బరువుకూ మంచిది కాదు కాబట్టి తీపి తగ్గించండి. ఏడీహెచ్‌డీ పోతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

రంగుల సంగతి వేరు. 2007లో బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు సాధారణ పిల్లలకు కొన్ని కృత్రిమ రంగులూ, తిండి నిలవ ఉండటానికి వేసే సోడియం బెంజోయేటూ కలిపిన పానీయం ఇచ్చి చూసి, చురుకుదనం కొంత పెరిగినట్టు గమనించారు. 2010 నుంచి ఐరోపా సమాఖ్యలో ఆ ఆరు రంగులు వాడిన పొట్లాల మీద హెచ్చరిక ముద్రించాలి. ప్రభావం చిన్నది, అందరు పిల్లల్లోనూ ఒకేలా ఉండదు. అయినా పొట్లం వెనుక 102, 110, 122, 124 అనే సంఖ్యలు కనబడితే అవి ఆ కోవకు చెందిన రంగులేనని తెలిసి ఉండటం మంచిది.

రాత్రి పదకొండు దాటాక వంటింట్లో వెతుకులాట ఎందుకు?

మూడు కారణాలు కలుస్తాయి: పగలు చాలినంత తినకపోవడం, మందు ప్రభావం దిగిపోవడం, నిద్ర ఆలస్యం కావడం. ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో చాలామందికి త్వరగా నిద్ర పట్టదు, నిద్ర చాలని మర్నాడు ఆకలీ తీపి మీద యావా పెరుగుతాయి. సాయంత్రం నాలుగు తరువాత టీ, కాఫీ, ఎనర్జీ డ్రింకులు మానెయ్యడంతో మొదలుపెట్టండి. పిల్లలకు టీ అలవాటు చెయ్యకపోవడమే మంచిది. భోజనంతో పాటు తాగితే అది తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు కూడా.

నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. రొయ్యల చెరువుల దగ్గర పని. వేళాపాళా ఉండదు. ఈ పద్ధతులు నాకెలా కుదురుతాయి?

వేళ కుదరనివారికి చోటు కుదరాలి. మీరు రోజూ తప్పక ఉండే మూడు చోట్లు, అంటే బండి డిక్కీ, చెరువు గట్టు మీది షెడ్డు, ఇల్లు, వీటిలో చెడిపోని తిండి ఎప్పుడూ ఉండేలా చూసుకోండి: వేయించిన శనగలు, వేరుశనగ చిక్కీ, ఖర్జూరం, నీళ్ళ సీసా. వారానికొకసారి నింపే పనిని ఇంట్లో ఒకరికి అప్పగించండి, అడగడానికి మొహమాట పడకండి. పని వాళ్ళందరూ క్యారియర్లు విప్పే వేళకు మిమ్మల్నీ పిలవమని ఒకరితో చెప్పి ఉంచండి. అలారం కన్నా మనిషి పిలుపుకే మనం లేస్తాం. పగలు తినని కడుపుతో హైవే మీద ఇంటికి వస్తూ దాబా ముందు బండి ఆపడం మీకు మామూలయ్యి ఉంటే, బయలుదేరే ముందే ఒక గుప్పెడు శనగలు తిని నీళ్ళు తాగండి. ఫోన్‌లో తిండి తెప్పించుకునేవారు యాప్‌లో దాచిన కార్డు వివరాలు తీసేస్తే, ప్రతిసారీ అంకెలు కొట్టవలసి వచ్చి ఆలోచించుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

చేపలు, విటమిన్ బిళ్ళలు, ప్రత్యేక ఆహారాలు ఏమైనా పని చేస్తాయా?

చేపల్లో ఉండే ఒమేగా-3 అనే కొవ్వు వల్ల లాభం ఉన్నా స్వల్పమేనని పరిశోధనలు చెబుతున్నాయి. అది మందుకు ప్రత్యామ్నాయం కాదు. అయినా సముద్రం పక్కనే ఉన్నాం, కవళ్ళూ కానాగంతలూ చవకగా దొరుకుతాయి, మామిడికాయ వేసిన చేపల పులుసుతో అన్నం వద్దనే పిల్లలు తక్కువ. తిండి సరిగా తినని పిల్లల్లో రక్తహీనత ఉందేమో పరీక్ష చేయించడం అవసరం, ఎందుకంటే ఇనుము లోపిస్తే నీరసం, ధ్యాస తగ్గడం ఇంకా పెరుగుతాయి. పరీక్ష లేకుండా ఇనుము బిళ్ళలు వేయకండి. గోధుమ మానితే, పాలు మానితే ఏడీహెచ్‌డీ నయమవుతుందని చెప్పేవారి మాట విని, అసలే నాలుగు రకాలు తినే పిల్లవాడికి రెండు రకాలు తీసెయ్యకండి.

అవ్వాతాతలకు ఎలా చెప్పాలి?

వారి ప్రేమ అంతా తినిపించడంలోనే ఉంటుంది, కాబట్టి తినిపించవద్దని చెబితే నొచ్చుకుంటారు. వేళను వారికే అప్పగించండి. మా అమ్మ "నాయనా, అయిదయింది, కంచం ముందుకు రా" అని పిలిచే బాధ్యత తీసుకున్నాక, మధ్యలో లడ్డూలు చేతిలో పెట్టడం తనంతట తానే మానింది. పక్కింటి పిల్లవాడితో పోల్చవద్దనీ, నలుగురిలో వాడి కంచం గురించి మాట్లాడవద్దనీ మాత్రం గట్టిగానే చెప్పాలి. సంక్రాంతికి అరిసెలు డబ్బాల కొద్దీ చేసే ఇళ్ళలో, చేసిన రోజే చుట్టాలకూ పక్కిళ్ళకూ పంచేసి ఇంటికి కొన్ని ఉంచుకుంటే సరిపోతుంది. ఏకాదశి, రంజాన్ ఉపవాసాలుండే పెద్దలు మందు వేళ గురించి ముందుగా వైద్యులను అడగాలి, ఎందుకంటే ఖాళీ కడుపూ మందూ కలిస్తే ఆ సాయంత్రపు తిండి అదుపు తప్పుతుంది.

ఎప్పుడు వైద్యుల దగ్గరికి వెళ్ళాలి? ఎక్కడికి?

పిల్లవాడి బరువు తగ్గుతున్నా, ఆరు నెలలుగా ఎత్తు పెరగకపోయినా ఆలస్యం చెయ్యకండి. తక్కువ సమయంలో విపరీతంగా తినడం, ఆపుకోలేకపోతున్నాననే భావన, ఆ తరువాత తీవ్రమైన అపరాధ భావం వారానికి కనీసం ఒకసారి చొప్పున 3 నెలలుగా ఉంటే, అది అలవాటు కాదు, చికిత్స ఉన్న రుగ్మత. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో దాన్ని ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. తిన్నది కావాలని కక్కుకోవడం, విరేచనాల మందు మింగడం కనబడితే ఆ వారమే వెళ్ళండి.

నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ వైద్య కళాశాలల సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగంలో చూపించుకోవచ్చు. 18 ఏళ్ళ లోపు పిల్లలను బడిలోనే పరీక్షించి సత్వర చికిత్సా కేంద్రానికి పంపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తున్నది. మీ బడికి ఆ బృందం వచ్చిన రోజున పిల్లవాడి సంగతి టీచరుగారి ద్వారా చెప్పించండి. ఊరు దాటి వెళ్ళడం కష్టమైతే 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ సలహాదారులు తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. వెళ్ళే ముందు ఒక వారం పాటు, ఏ వేళకు మందు వేశారో, ఏ వేళకు ఏమి తిన్నాడో, ఎప్పుడు పడుకున్నాడో నోటుబుక్కులో రాసి తీసుకెళ్ళండి. మా వాడి సాయంత్రపు ఆకలి సంగతి వైద్యులకు అర్థమైంది మాటల్లో కాదు, అటువంటి ఏడు రోజుల కాగితం చూసినప్పుడే. ఆ రోజే వారు మందు వేళ మార్చారు.